కాలు కాదు, చాలు

జూన్ 3, సోమవారం

మనవరాలికి,

ఈ ఉదయం పదిన్నరకు నీ పార్శిల్ అందింది. అందులో ఒక మోకాలి పట్టీ, నొప్పి మందు ట్యూబులు రెండు, "అమ్మమ్మా, మెట్లు దిగకు" అన్న చీటీ ఒకటి ఉన్నాయి. నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. రోజుకు రెండుసార్లు రెండంతస్తులు ఎక్కి దిగుతున్నాను. ఈ సంగతి ఫోనులో చెబితే మళ్ళీ ఇంకేదో విని ఈసారి చేతికర్ర పంపుతావని, ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఆఖరి ఆదివారం నేను చివరగా అన్న మాట "ఇక చాలు, పెట్టేస్తున్నా" అని. నువ్వు "అయ్యో!" అన్నావు. ఫోను పెట్టేస్తానంటే అయ్యో అనడమేమిటా అనుకున్నాను. పట్టీ చూశాక తెలిసింది. నీకు వినపడింది "కాలు పట్టేస్తోంది" అని.

నలభై ఏళ్ళు బడిలో ఉక్తలేఖనం చెప్పి రాయించినదాన్ని. పిల్ల ఒక తప్పు ఒకసారి రాస్తే అశ్రద్ధ. అదే రకం తప్పు మళ్ళీ మళ్ళీ రాస్తే దానికో కారణం ఉంటుంది. అందుకని పోయిన నెల నాలుగు ఆదివారాలూ ఫోను పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు "ఏంటీ?" అన్నది వరసగా ఆరుసార్లు, ఎనిమిదిసార్లు, పదకొండుసార్లు, పద్నాలుగుసార్లు. నీ గదిలో ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఎక్కువ. మీ అమ్మ, మామయ్య, బొమ్మ, గోడ అన్నప్పుడు నువ్వు అడగలేదు. చాప, సంచి, తాళం, కత్తెర అన్నప్పుడల్లా అడిగావు. పైగా అరుస్తున్నావు. ఎదురు వాటాలో ఉండే టైలరు నిన్న నన్ను ఆపి, "పాపకి ఈ వారం కూడా సెలవు ఇవ్వలేదటగా అమ్మా" అన్నాడు. నేను అతనికి చెప్పలేదు. నా ఫోనులోంచి నువ్వే చెప్పావు.

చిన్నప్పుడు నిన్ను పాముచెవి అని పిలిచేవాళ్ళం. పక్కగదిలో బిస్కెట్ల డబ్బా మూత కదిలిస్తే వీధిలోంచి పరిగెత్తుకొచ్చేదానివి. ఆ చెవులు నీకు ఏమయ్యాయో డాక్టరుకు చూపించు.

ఇంకొకటి. వచ్చే నెలలో పైవాళ్ళు నీకు గిఫ్టు ఇస్తారేమోనని సంబరంగా చెప్పావు. పనికి జీతం తీసుకో. గిఫ్టులు తీసుకునే అలవాటు మన ఇంట్లో లేదు.

పట్టీ టైలరుకు ఇచ్చేశాను. అతనికి నిజంగానే మోకాలి నొప్పి.

ఇట్లు,
రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్న
అమ్మమ్మ


జూన్ 9, ఆదివారం

అమ్మమ్మకి,

గిఫ్టు కాదు అమ్మమ్మా, షిఫ్టు! షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టు! ఇంత గొప్ప వార్త చెబితే నువ్వు నాకు లంచగొండితనం మీద పాఠం చెప్పావు. ఇప్పుడు చెప్పు, చెవులు ఎవరికి చూపించాలి?

పూర్తిగా రాస్తాను, ఉత్తరంలోనైనా సరిగ్గా విను. మా ఫ్యాక్టరీలో గాజు సీసాల్లో దగ్గు సిరప్ నింపుతాం, నీకు తెలుసు. మూడు లైన్లు, ఇరవై ఆరు మందిమి. నిమిషానికి మూడు వందల సీసాలు బెల్టు మీద ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతుంటాయి. అంత గోలలోనూ ఏ యంత్రంలో ఇరుసు తిరిగే బేరింగు అరుగుతోందో, ఏది రేపు మొరాయిస్తుందో నేను పక్కన నిలబడి విని చెప్పేస్తాను. కొలిచే మీటర్లు తర్వాత వస్తాయి. మా మేనేజరు "ముందు పాముచెవిని పిలవండి" అంటాడు. అవును, ఆ పేరు ఇక్కడికీ వచ్చేసింది, నేనే చెప్పుకున్నాను. ఏడేళ్ళకి ఆ చెవులే నన్ను ఈ పోస్టు దాకా తెచ్చాయి. వాటిని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళమంటున్నావు!

అసలు గొడవంతా నీ గొంతుది. ఒకప్పుడు నువ్వు ఒకటో తరగతిలో "నిశ్శబ్దం" అంటే ఐదో తరగతి వాళ్ళు కూడా నోరు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఫోనులో నీలో నువ్వే గొణుక్కుంటున్నావు. నీలాగా నేనూ లెక్క రాస్తాను. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు నేను బెల్లు నొక్కుతూ నాలుగు నిమిషాలు గుమ్మంలో నిలబడ్డాను. నీ టీవీ కింది అంతస్తు దాకా వినపడింది. కుక్కరు ఎనిమిది కూతలు కూసినా నువ్వు కుర్చీలోంచి లేవలేదు. "ఈ కాలం వాళ్ళెవరూ నోరు తెరిచి మాట్లాడరు" అని మూడుసార్లు అన్నావు. అందరి నోళ్ళూ ఒకేసారి మూతపడవు కదా అమ్మమ్మా!

చెవులకి గోల ఆపే మఫ్‌లు పెట్టుకుంటున్నానా అని అడుగుతావని తెలుసు. పెట్టుకోను. పెట్టుకుంటే యంత్రం మాట ఎలా వినపడుతుంది?

జూలై 12న పోస్టు కోసం మెడికల్ పరీక్ష ఉంది. నా కోసం ఆ రోజు గుర్తుపెట్టుకో.

నీ
షిఫ్ట్ ఇన్‌ఛార్జి (కాబోయే)


జూన్ 15, శనివారం

మనవరాలికి,

షిఫ్టు సంగతి తెలిసింది. నా తప్పు ఎర్రసిరాతో దిద్దుకున్నాను. ఏడేళ్ళలో ఇరవై ఆరు మందికి పెద్దవవుతున్నావంటే, అది నువ్వు యంత్రాల మధ్య నిలబడి సంపాదించుకున్నది. సంతోషంగా ఉంది. ఈ వాక్యం రెండోసారి రాయను. ఒళ్ళు మరిచిపోతావు.

ఇక మన తగువు. తప్పు నీ చెవిది అంటాను నేను, నా గొంతుది అంటావు నువ్వు. ఇలా అంటూ పోతే తెగదు. బడిలో ఇద్దరు పిల్లలు ఇలా వాదించుకుంటే నేను చేసే పని ఒకటే, కాగితం ఇచ్చి కూర్చోబెట్టడం.

ఈ ఉత్తరంతో అంటించిన కవరు ఒకటి పంపుతున్నాను. నువ్వు విప్పకు. లోపల ఇరవై మాటలున్నాయి. నీ గదిలో ఉండే అమ్మాయి చదవాలి. ఫ్యాను ఆపాలి. ఆమె నీ వెనక, రెండు బారల దూరంలో నిలబడాలి. ఒక్కో మాట ఒక్కసారే, మామూలు గొంతుతో చదవాలి. నువ్వు విన్నది విన్నట్టు రాయాలి. వినకపోతే ఖాళీ వదలాలి, ఊహించకూడదు. తర్వాత అవే మాటలు కలగలిపి, ఈసారి గట్టిగా చదివించు. రెండు కాగితాలూ పంపు.

అవే మాటలు టైలరు నాకూ చదువుతాడు. "మీకు నేను పరీక్ష పెట్టడమేంటమ్మా, చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. సూది దారం పట్టుకున్నప్పుడు వణకని చేతులు కాగితం పట్టుకుంటే ఎందుకు వణుకుతాయని కేకలేశాను. మరి నేను తయారు చేసిన మాటలు నాకు తెలుసు కదా అంటావేమో. టైలరు నాకు చెప్పకుండా వాటి మధ్య తనవి కొన్ని కలుపుతానన్నాడు. తెలివైనవాడు.

ఇట్లు,
పరీక్షాధికారి, పరీక్షార్థి కూడా అయిన
అమ్మమ్మ


జూన్ 22, శనివారం

అమ్మమ్మకి,

ఇరవైకి పద్నాలుగు! ఫస్ట్ క్లాసు! గట్టిగా చదివినప్పుడు పదిహేను. కాగితాలు పంపుతున్నాను, ఎర్రసిరా దాచుకో.

మా గదిలో అమ్మాయి ప్యాకింగులో చేస్తుంది. అందరూ "గంట" అంటారు, మాట అలా ఖంగుమంటుంది. చదవడానికి నిలబడి తెగ సిగ్గుపడింది. "ఏంటే ఈ మాటలు, పాకు, తాకు, చాకు, సాకు... మీ అమ్మమ్మ పాట కడుతోందా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మరి నీకెన్ని వచ్చాయి? ఆ విషయం మాత్రం రాయవు.

నీ
ఫస్ట్ క్లాసు మనవరాలు


జూన్ 27, గురువారం

మనవరాలికి,

నాకు వచ్చింది ఇరవైకి పదకొండు. ముందు నాదే రాశాను, చూశావు కదా.

ఇప్పుడు నీ కాగితం. నువ్వు కాపీ కొట్టావు.

పాలు, పాకు, పూట, మాట, బాట, మడి, బడి, ముప్పు. పెదవులు కలిస్తే పలికే మాటలు ఇందులో ఎనిమిది. ఎనిమిదీ సరిగ్గా రాశావు, రెండుసార్లూ. మిగతా పన్నెండింటిలో చాలుకు కాలు రాశావు, కాలుకు తాలు రాశావు. చాకు తాకు అయింది, సాకు చాకు అయింది, తోట కోట అయింది, సడి తడి అయింది. తప్పులన్నీ నోటి లోపల పలికే మాటల్లోనే. నిజంగా వీపు తిప్పి కూర్చున్నదానివైతే పాలు కూడా కాలో తాలో కావాలి. ఒక్కటీ కాలేదు. అంటే నువ్వు ఆ గంట పెదవులు చూస్తూ రాశావు.

నీ ఎదుట అద్దం ఉందా? లేక ఆ పిల్లనే ఎదురుగా నిలబెట్టావా? నలభై ఏళ్ళలో పక్కవాడి పలక చూసి రాసినవాళ్ళను చాలామందిని పట్టుకున్నాను. పెదవులు చూసి రాసినదాన్ని పట్టుకోవడం ఇదే మొదలు. తెలివికి మెచ్చుకుంటున్నాను, పనికి సున్నా వేస్తున్నాను.

నాకు కోపం వచ్చింది కాపీకి కాదు. పెదవులు చదవడం ఒక్క రోజులో రాదు. అది ఎన్నాళ్ళ నుంచో అలవాటైతే తప్ప అంత చక్కగా ఎనిమిదికి ఎనిమిది రావు. నీకు వినపడటం లేదని నీకు తెలుసు.

ఇంకొక సంగతి గమనించాను. టైలరు గట్టిగా చదివితే నాకు పదకొండు కాస్తా పద్దెనిమిదయ్యాయి. అంటే నాకు మాట చిన్నదిగా అందుతోంది, పెద్దది చేస్తే సరిపోతోంది. నీకు గట్టిగా చదివినా పద్నాలుగు పదిహేనే అయింది. నీకు మాట అందుతోంది కాని, అరిగిపోయి అందుతోంది. మన ఇద్దరి జబ్బూ ఒకటి కాదు.

మళ్ళీ రాయి, ఈసారి గోడ వైపు తిరిగి. ఎన్ని వచ్చినా సరే, నిజం రాయి.

అమ్మమ్మ


జూలై 3, బుధవారం

అమ్మమ్మకి,

అద్దమే. నా బల్ల ముందు గోడకి ఉంది. కావాలని అక్కడ కూర్చోలేదని రాద్దామనుకున్నాను. కావాలనే కూర్చున్నాను.

అద్దం లేని గోడ వైపు తిరిగి రాశాను. తొమ్మిది. గట్టిగా చదివితే పది. "ఇంకోసారి చదవనా?" అని గంట అడిగింది. ఆమె గొంతులో జాలి వినపడింది. అది మాత్రం బాగా వినపడింది.

అడిగావు కాబట్టి నిజాలన్నీ రాస్తున్నాను. షిఫ్టు అయ్యాక చెవుల్లో కీచురాయి కూసేది. దూది కుక్కినట్టుండేది. మొదటి ఏళ్ళలో తెల్లారేసరికి పోయేది. ఇప్పుడు ఆరు నెలలుగా పోవడం లేదు, ఇది రాస్తుంటే కూడా కూస్తోంది. క్యాంటీనులో పదిమంది కూర్చుంటే ఒక్క ముక్క అర్థం కాదు. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను. ఒకరోజు అలా నవ్వాక తెలిసింది, ఒకామె తన తమ్ముడికి జ్వరమని చెబుతోందట. అప్పట్నుంచి ఒక్కదాన్నే తింటున్నాను. మగవాళ్ళ మాట కాస్త నయం. ఆడవాళ్ళది, పిల్లలది మరీ కష్టం. నీది అన్నిటికంటే కష్టం. అందుకే నువ్వు గొణుగుతున్నావని అన్నాను. నమ్మే అన్నాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్‌లో రెండో లైనులో బేరింగు విరిగి పది గంటలు పని ఆగింది. అందరూ "పాముచెవి ఆ రోజు సెలవులో ఉందేమో" అనుకున్నారు. లేను. దాని పక్కనే నిలబడ్డాను. నాకు ఏమీ వినపడలేదు.

12న మెడికల్‌లో చెవులు కూడా చూస్తారు. పోస్టు పోతే పోయింది. కానీ నేను ఇక్కడ ఆ చెవులతోనే మనిషినయ్యాను. అవే పోతే నేనెవర్ని అమ్మమ్మా?

డాక్టరు దగ్గరికి వెళ్తాను, ఒక్కదాన్నే అయితే వెళ్ళను. సోమవారం నేనిక్కడ, నువ్వక్కడ చూపించుకోవాలి. నీకు ఒప్పుకోలేనంత గర్వమైతే నాకూ అంతే గర్వం ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకే తెలుసు.

నీ మనవరాలు


జూలై 9, మంగళవారం

మనవరాలికి,

సోమవారం ఉదయం తొమ్మిదింటికి వెళ్ళాను. నువ్వు కూడా వెళ్ళావని మీ అమ్మకు ఇచ్చిన కబురు అందింది. ఏం చెప్పారో నువ్వే రాయి. నాది నేను రాస్తున్నాను.

డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి, "అమ్మా, చెవిలో ఏం పెట్టి శుభ్రం చేస్తారు?" అని అడిగాడు. తలపిన్ను అన్నాను. "ఎన్నేళ్ళుగా?" అన్నాడు. అరవై ఏళ్ళుగా అన్నాను. చెవి తన గుబిలిని తానే బయటకు నెట్టుకుంటుందట. నేను శుభ్రం చేస్తున్నాననుకుని రోజూ దాన్ని లోపలికి దట్టించి, రెండు వైపులా బిరడా కొట్టాను. పిల్లల గోళ్ళు తనిఖీ చేసి ఇంటికి పంపేసినదాన్ని, నా చెవికి నేను చేసిన నిర్వాకం ఇది. చుక్కల మందు వేసి మెత్తబరిచి తీశాడు. రెండు శనగగింజలంత వచ్చాయి.

తీసిన క్షణం నా గొంతు నాకే దడ పుట్టించింది. చెవులు మూసుకుపోతే సొంత గొంతు తలలో మారుమోగి పెద్దగా వినపడుతుందట. అందుకని మనిషి తెలియకుండానే గొంతు తగ్గించేస్తాడట. కనుక నేను గొణుగుతున్నానని నువ్వు అన్నది నిజం. నీకు ఒక మార్కు.

తర్వాత చెవి పరీక్షలు చేసే అమ్మాయి అద్దాల గదిలో కూర్చోబెట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి సన్నని కూతలు వినిపించింది. వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. ఆ పైన చెవి వెనక ఎముకకు చిన్న బిళ్ళ ఆనించి మళ్ళీ అదే పరీక్ష చేసింది. ఎందుకని అడిగితే ఓపికగా చెప్పింది. శబ్దం లోపలికి వెళ్ళే దారిలో గుబిలి గాని చీము గాని అడ్డుపడితే, కర్ణభేరికి చిల్లు పడితే ఒక రకం. ఎముక గుండా పంపితే బాగా వినపడుతుంది, చాలావరకు బాగుచేయవచ్చు. దారి బాగుండి లోపలి చెవో, నరమో దెబ్బతింటే రెండో రకం. ఎముక గుండా పంపినా అంతే. రెండూ కలిస్తే మిశ్రమం. నాది మిశ్రమం. అడ్డు పోయింది. మిగిలింది వయసుతో రెండు చెవులకూ సమానంగా వచ్చింది, సన్నని శబ్దాలకు ఎక్కువ. వినికిడి యంత్రం పెట్టుకోమంది. చూద్దాం అన్నాను. నా వయసు వాళ్ళందరి చెవుల్లోనూ యంత్రాలున్నాయని నేనూ వాళ్ళలో చేరాలా?

ఆ అమ్మాయి నన్ను చాలా అడిగింది. చిన్నప్పుడు చెవి కారిందా, పెద్ద జ్వరం వచ్చిందా, బలమైన మందులేమైనా వాడానా, ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో ఉందా, తలకు దెబ్బ తగిలిందా, గోల మధ్య పనిచేశానా. అన్నిటికీ లేదన్నాను. చివరిదానికి, "నేను కాదు, నా మనవరాలు" అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో కేకవేసి మాట్లాడాల్సి వస్తుందా అక్కడ?" అంది. నాకు నీ సమాధానం తెలుసు. కనుక నీ చెవులను తిన్నది ఆ గోలేనని ఆమె నాకు చెప్పకుండానే నేను తెలుసుకున్నాను.

త్వరగా రాయి.

అమ్మమ్మ


జూలై 16, మంగళవారం

అమ్మమ్మకి,

నా గ్రాఫు కాగితం నకలు ఇందులో ఉంది. కుడి వైపుకి పోయేకొద్దీ శబ్దం సన్నబడుతుందట. చూడు, గీత మొదట్లో చక్కగా నడుస్తుంది. నాలుగు వేలు అని రాసిన చోట గుంతలో పడుతుంది. ఆ తర్వాత కాస్త పైకి లేస్తుంది. "ఈ గుంత పెద్ద శబ్దం చేసే సంతకం" అంది డాక్టరమ్మ. చ, స, త, క లాంటివి ఆ పక్కల్లోనే ఉంటాయట. నీ ఇరవై మాటల కాగితం చూపించాను. చాలాసేపు చూసి, "ఎవరు రాశారిది?" అంది. మా అమ్మమ్మ అన్నాను. ఎంత పొగరుగా అన్నానో నువ్వు చూడాల్సింది.

నాకూ ఎముకకి బిళ్ళ పెట్టారు. తేడా రాలేదు. మేం యంత్రానికి స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకుని వింటాం, అదే పని. కనుక నాకు వెంటనే అర్థమైంది. దారి బాగుంది, అరిగింది బేరింగే. లోపల శబ్దాన్ని పట్టే సన్నని కణాలు పోతే తిరిగి మొలవవట. "మిగిలినవి కాపాడుకోవడం నీ చేతిలో ఉంది. మఫ్‌లు లేకుండా ఇంకో ఐదేళ్ళు చేస్తే ఈ గుంత మాటలన్నిటినీ మింగేస్తుంది" అంది. బస్సులో వస్తూ ఏడ్చాను. రెండు స్టాపులు దాటి దిగాను.

మర్నాడు, మెడికల్‌కి ముందే, మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన కూడా ఒకప్పుడు మా లైనులోనే మెకానిక్కు. జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

"సార్, ఏప్రిల్‌లో బేరింగు విరిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. నాకు వినపడలేదు" అన్నాను.

"ఏంటమ్మా? ఇటు వచ్చి చెప్పు" అని కుడిచెయ్యి చూపించాడు.

కుడి వైపుకి వెళ్ళి మళ్ళీ చెప్పాను. గ్రాఫు బల్ల మీద పెట్టాను.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు? నోరు మూసుకుంటే నీ పోస్టు నీకొచ్చేది."

"శుక్రవారం మెడికల్‌లో ఎలాగూ బయటపడుతుంది సార్. బయటపడకపోయినా చెప్పేదాన్ని. ఇన్‌ఛార్జినయ్యాక నా మాట విని ఇరవై ఆరు మంది యంత్రాల్లో చేతులు పెడతారు."

"మఫ్‌లు పెట్టుకుంటే ఇంక నువ్వు యంత్రాన్ని ఏం వింటావు? మేం పెట్టుకున్నామా?"

ఆయన నా మొహం వైపు చూడటం లేదమ్మమ్మా. నా పెదవుల వైపు చూస్తున్నాడు. నాకు నా అద్దం గుర్తొచ్చింది. "సార్, ఒక్క ఐదు నిమిషాలు. కాగితం తీసుకోండి" అన్నాను. ఎలా అనగలిగానో తెలియదు, నీ గొంతే నా నోట్లోంచి వచ్చింది. ఆయన నిజంగానే కాగితం తీసుకున్నాడు! వెనక్కి వెళ్ళి నిలబడి ఇరవై మాటలూ చదివాను.

ఆరు వచ్చాయి. దిద్ది ఇచ్చాను. ఆయన ఆ కాగితం చూస్తూనే ఉన్నాడు. "ఎనిమిదేళ్ళుగా ఎడమ చెవిలో ఈల. మా పాప నాతో మాట్లాడటం మానేసింది అనుకుంటున్నాను" అన్నాడు.

ఆ వారమే లైను మొత్తానికి పరీక్షలు చేయించాడు. తొమ్మిది మందికి గుంత ఉంది, ఆయనకి కూడా. పోస్టు నాకే ఇచ్చారు, ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారు. ఇన్‌ఛార్జిగా నా మొదటి పని యంత్రాల చుట్టూ గీసిన పసుపు గీత దాటితే మఫ్‌లు తప్పనిసరి చేయడం. అందరూ సంతోషించారనుకోకు. సగం మంది గుర్రుగా ఉన్నారు, చెమటలు పోస్తున్నాయట. "మన పాముచెవికి పూడిక పడితే మనందరి చెవులూ మూయిస్తోంది" అని ఒకాయన అన్నాడు. మఫ్‌లలోంచి కూడా వినపడింది.

నిన్న మఫ్‌లతోనే, స్క్రూడ్రైవరు ఆనించి, మూడో లైనులో గరగర పట్టుకున్నాను. అది లావుపాటి శబ్దం, నాకింకా అందుతుంది. చేతికి వణుకు కూడా తెలిసింది. విప్పితే బేరింగు పగిలి ఉంది.

నీ
షిఫ్ట్ ఇన్‌ఛార్జి


జూలై 22, సోమవారం

షిఫ్ట్ ఇన్‌ఛార్జికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి టైలరుకు చదివి వినిపించాను. అతను కుట్టు ఆపి విన్నాడు. చివర్లో "పాప గట్టిదమ్మా" అన్నాడు. గట్టిది కాదు, సరైనది అని దిద్దాను.

చెవులు పోతే నేనెవర్ని అని అడిగావు. ఆ రోజు జవాబు రాయలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. పదునైన చెవులు నీకు పుట్టుకతో వచ్చాయి. అందులో నీ గొప్ప ఏమీ లేదు. చేతికొచ్చిన పోస్టు జారిపోతుందని తెలిసి కూడా ఆ గదిలోకి వెళ్ళి, ఏప్రిల్‌లో నాకు వినపడలేదు అని చెప్పిన నోరు పుట్టుకతో వచ్చింది కాదు. అది నువ్వు. నలభై ఏళ్ళలో ఎన్ని వందల మందికి పాఠం చెప్పానో లెక్క ఉంది. వాళ్ళలో ఎంతమంది, ఎవరూ పట్టుకోకముందే తమ తప్పు తామే చెప్పారో ఆ లెక్క కూడా ఉంది. చాలా చిన్న అంకె. దానికి ఒకటి కలిపాను.

సంతోషంగా ఉందని రెండోసారి రాయనన్నాను. గర్వంగా ఉందని రాయనని అనలేదు. గర్వంగా ఉంది.

ఇంతమందికి మఫ్‌లు తగిలించిన పిల్లకు అమ్మమ్మనయ్యుండి, యంత్రం పెట్టుకోవడానికి నామోషీ పడితే మాట పోతుంది. గురువారం వెళ్ళి కొలతలు ఇచ్చి వచ్చాను. రెండు చెవులకూ.

అమ్మమ్మ

ఇక జరగవలసినవి:

1. మఫ్‌లు ముందు నువ్వు పెట్టుకోవాలి, తర్వాత వాళ్ళకు చెప్పాలి. చెమట పోస్తోందన్నవాళ్ళకు మధ్యలో పది నిమిషాల విరామం ఇప్పించు. వాళ్ళ ఫిర్యాదు అబద్ధం కాదు.

2. ఆరు నెలలకొకసారి పరీక్ష. గ్రాఫు నకలు నాకు రావాలి. గుంత అక్కడే ఆగిందో లేదో నేను స్కేలు పెట్టి చూస్తాను.

3. చెవిలో పిన్ను, పుల్ల, దూది కాడ, వేడి నూనె ఏవీ పెట్టకూడదు. నేను పెట్టను. నువ్వూ పెట్టకు.

4. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి మూగబోతే, తల తిరిగితే, రేపు చూద్దామనకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆలస్యమైతే తిరిగి రాదని ఇక్కడి అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

5. రేపటి నుంచి క్యాంటీనులో ఒక్కదానివే తినకూడదు. గోడకు వీపు ఆనేలా కూర్చో, అందరి మొహాలూ కనపడతాయి. వినపడకపోతే "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అను. ఊరికే నవ్వకు. తమ్ముడికి జ్వరమన్నామెను ఇప్పుడెలా ఉందని అడుగు.

6. మీ మేనేజరును ఇంటికి వెళ్ళి వాళ్ళ పాప ఎదుట కూర్చుని, తనకు వినపడదన్న సంగతి చెప్పమను. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల తననే తప్పుపట్టుకుంటూ ఉండవచ్చు.

7. నీ పేరు ఇన్‌ఛార్జిల బోర్డు మీద ఎక్కే రోజు నాకు ముందుగా తెలియాలి. బయలుదేరి వస్తాను. గేటు దగ్గర ఆపి, ఎవరు మీరని అడుగుతారు. అడగనీ. చెప్పవలసింది ఇప్పటికే అనుకుని ఉంచాను, గొంతు కూడా మళ్ళీ బాగుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి అమ్మమ్మను అంటాను.